విడిచిన మడి: పరిశోధన ఫలితములను పరీక్షించు విధము

తొలకరి పడగానే మన గ్రామములకు రెండు వచ్చును. ఒకటి ఏరువాక, రెండవది క్రొత్త మందులను గూర్చిన ప్రకటనలు. ఈ సీసాలోని మందు చల్లినచో ఎకరమునకు నాలుగు బస్తాలు అధికముగా పండుననియు, ఈ గుళికలు వేసిన రైతు గత సంవత్సరము ముప్పదియైదు బస్తాలు పండించెననియు, ఇదంతయు శాస్త్రజ్ఞుల పరిశోధనలో తేలిన విషయమే ననియు చెప్పుదురు. గోడకంటించిన కాగితముమీద పచ్చని పైరు నడుమ నవ్వుచు నిలుచున్న రైతు చిత్రము కూడ నుండును. చెప్పువాడు అబద్ధమాడుచున్నాడని మేమనము. ఆ రైతునకు ముప్పదియైదు బస్తాలు నిజముగనే పండియుండవచ్చును. కాని మన సభ్యుడు సంఘములో అప్పు వ్రాసి ఆ సీసాను ఇంటికి తెచ్చుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఆ మందు చల్లక పోయినచో ఆ రైతునకు ఎన్ని బస్తాలు పండెడివి?

చూచుటకు చిన్న ప్రశ్నయే గాని, దీనికి సమాధానము తెలిసికొనుట మిక్కిలి కష్టము. ఒకే మడిలో ఒకే కారున మందు చల్లియు చల్లకయు చూచుట ఎవరికిని సాధ్యము కాదు. గత సంవత్సరముతో పోల్చుదమన్నచో వానలు వేరు, కాలువ వదలిన దినము వేరు, విత్తనము వేరు. పొరుగువానితో పోల్చుదమన్నచో నేల వేరు, చేయి వేరు. పైగా క్రొత్తమందును ముందుగా కొనువాడు సామాన్యముగా కలిగినవాడై యుండును. వానికి బోరుండును, కూలీలకు సొమ్ముండును, కలుపు సకాలమున తీయించును. మందు లేకున్నను వాని పంట పదిమంది పంటకంటె మెరుగుగనే యుండును. తెగుళ్ల విషయమున మరియొక చిక్కు కలదు. తెగులు ముదిరినప్పుడే మనము దుకాణమునకు పరుగెత్తుదుము. ముదిరిన తెగులు ఎండ మారగానే కొన్నాళ్ళకు తనంతట తానే తగ్గుటయు కలదు. తగ్గినది ఎండవలన, కీర్తి దక్కినది మందునకు.

ఈ చిక్కు రైతునకు మాత్రమే గాక వైద్యునకును, బడిపంతులునకును, అప్పులిచ్చు సంస్థకును సమానమే. వ్యవసాయము, వైద్యము, అర్థశాస్త్రము, విద్య అను ఈ నాలుగింటిలోను పరిశోధకులు దీనికి కనిపెట్టిన ఉపాయము మూలమున ఒక్కటే. కొంత భాగమునకు క్రొత్త పద్ధతిని ప్రయోగించి, తక్కిన అంశములన్నిట దానికి సరియగు మరియొక భాగమును ఏమియు చేయక విడిచిపెట్టుట. దానినే పరిశోధనాస్థానములవారు కంట్రోలు ప్లాటందురు. మేమీ వ్యాసమున దానిని విడిచిన మడి యని వ్యవహరింతుము. ఏ పరిశోధన ఫలితము మన చెవిని బడినను, విడిచిన మడి ఏదియని అడుగుట అలవరచుకొన్నచో మన సొమ్ము చాలవరకు మన చేతనే నిలుచును.

లోకమున మిక్కిలి పేరుపొందిన విడిచిన మడి ఇంగ్లండు దేశమున హర్ట్ఫర్డ్‌షైరు జిల్లాలోని రోథామ్‌స్టెడ్డు అను చోట కలదు. అచ్చటి భూస్వామియగు జాన్ బెనెట్ లాస్ అనువాడు 1842లో సూపర్‌ఫాస్ఫేటు ఎరువును తయారుచేయుటకు పేటెంటు పొంది, మరుసటి సంవత్సరము గిల్బర్టు అను రసాయనశాస్త్రజ్ఞుని తోడుచేసికొని, బ్రాడ్‌బాక్ అను చేనిని పొడుగుపట్టెలుగా విభజించి గోధుమ వేయించెను. ఒక పట్టెకు పశువుల ఎరువు, కొన్నిటికి వేర్వేరు రసాయనపు టెరువులు, ఒక పట్టెకు ఏమియు లేదు. ఆ పట్టె 1843 మొదలు నేటివరకు ఎరువు నెరుగదు. అయినను ప్రతి సంవత్సరమును దానిని దున్నుదురు, విత్తుదురు, కోయుదురు, తూచుదురు. అందులో పండునది హెక్టారునకు రమారమి ఒక టన్ను, అనగా మన లెక్కలో ఎకరమునకు నాలుగు క్వింటాళ్లు. లాస్ స్వయముగా ఎరువుల వ్యాపారియని పాఠకులు గమనింపవలెను. ఎరువులమ్ముకొనువాడే ఎరువు లేని పట్టెను ముందుగా ఏర్పరచి, దాని తూకమును కూడ ప్రకటించెను. నేటి మన వర్తకులలో ఇట్టివారెందరు గలరో మేమెరుగుదుము, పాఠకులును ఎరుగుదురు.

ఆ విడిచిన పట్టె గొప్ప వివాదము నొకదానిని తేల్చినది. ఆ కాలమున జర్మనీ దేశమునందు లీబిగ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మహాపండితుడుగా ప్రసిద్ధి చెందియుండెను. పైరులకు కావలసిన నత్రజని గాలినుండియు వాననుండియు చాలినంత లభించుననియు, నేలకు ఖనిజపదార్థములు వేసిన చాలుననియు ఆయన వాదము. లాస్, గిల్బర్టులు వాదమునకు దిగలేదు. ఖనిజములు మాత్రమే వేసిన పట్టెను, ఖనిజములతోపాటు నత్రజని వేసిన పట్టెను, ఏమియు వేయని పట్టెను కోసి తూచిరి. ఖనిజములు మాత్రమే వేసినచోట పంట విడిచిన పట్టెకంటె కొంచెమే హెచ్చు. నత్రజని చేరినచోట మిక్కిలి హెచ్చు. ఎంత పండితుడు చెప్పినను తరాజు మాటయే మాట. మనదేశమున కూడ కోయంబత్తూరులో 1909లో ఇట్టి శాశ్వత ఎరువుల క్షేత్రము నారంభించిరి.

ఐనను రోథామ్‌స్టెడ్డు పట్టెలలో ఒక లోపము మిగిలియుండెను. ఏ పట్టెకు ఏ ఎరువో మనుష్యులే తమ ఇష్టానుసారముగా నిర్ణయించిరి. ఒక పట్టె పల్లమున నుండవచ్చును, మరియొకదాని క్రింద సున్నపురాయి యుండవచ్చును. 1919లో అచ్చటికి లెక్కలశాస్త్రజ్ఞుడుగా వచ్చిన రోనాల్డ్ ఫిషరు ఈ లోపమును పట్టెను. ఆయన చెప్పిన మందు మన పల్లెలకు క్రొత్తది కాదు. అన్నదమ్ములు పొలము పంచుకొనునప్పుడు పెద్దమనుష్యులేమి చేయుదురు? భాగములను ఎంత సమముగా కొలిచినను, ఎవరికేది యనునది ఏ పెద్దమనిషి చేతికిని విడువక, చీట్లు వ్రాసి, ముడిచి, అభము శుభము నెరుగని పసివానిచేత తీయింతురు. పసివానికి పక్షపాతము లేదు. ఏ భాగమున గట్టిమన్నున్నదో వానికి తెలియదు. ఫిషరు చెప్పినదియు ఇదియే. చేనిని చిన్నచిన్న మడులుగా చేసి, ఏ మడికి మందు, ఏ మడికి లేదు అనునది చీట్లు వేసి నిర్ణయింపుము. అట్టి జతలు ఒకటి రెండుకాక అనేకము లుండవలెను అనెను. చీటి వేసినచో మంచినేల యంతయు ఒకే పక్షమున చేరుటకు అవకాశము మిక్కిలి తగ్గును. ఆయన 1935లో ప్రకటించిన ప్రయోగరచనా గ్రంథము ఈ విషయమున నేటికిని మూలగ్రంథము.

పొలమున పుట్టిన ఈ చీట్ల పద్ధతి తరువాత ఆసుపత్రికి పోయినది. నిజమునకు విడిచిన మడిని పోలిన ఊహ వైద్యమున అంతకుముందే కలదు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు, చిగుళ్లు చివికి రక్తము కారెడు స్కర్వీ యను వ్యాధితో పడియున్న పండ్రెండుగురు నావికులను ఆరు జతలుగా చేసి, అందరికిని ఒకే ఆహారము పెట్టించి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందిచ్చెను. ఒక జతకు ఆపిలుపండ్లసారా, ఒక జతకు నీరు కలిపిన గంధకపుటామ్లము, ఒక జతకు పులికాడి, ఒక జతకు సముద్రపు నీరు, ఒక జతకు వెల్లుల్లి ఆవాలు మొదలగువానితో నూరిన లేహ్యము, ఒక జతకు దినమునకు రెండేసి నారింజలు ఒక్కొక్క నిమ్మపండు. ఆరు దినములలో పండ్లు తిన్న ఇరువురిలో ఒకడు లేచి పనిలోనికి పోయెను. రెండవవాడు తక్కిన రోగులకు పరిచర్య చేయుటకు నియమింపబడెను. లిండ్ ఈ విషయమును 1753లో గ్రంథముగా ప్రకటించినను, బ్రిటిషు నౌకాదళము నావికులందరికి నిమ్మరసమును ఏర్పాటుచేసినది 1795లో. నడుమ నలువది రెండు సంవత్సరములు గడచినవి. ఫలితము తేలుట వేరు, పెద్దలు దాని నంగీకరించుట వేరు.

చీట్లు వేసి వైద్యమును పరీక్షించిన ప్రయోగములలో మొదటిగా చెప్పుకొనదగినది క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిను మందును గూర్చినది. దాని ఫలితములు 1948లో ఇంగ్లండున ప్రకటింపబడినవి. యుద్ధానంతరము ఆ మందు అందరికి చాలదు. చాలని మందును ఎవరికిచ్చుట? చీటిపై వచ్చినవారికి. 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలలో మందు తీసికొన్న వారిలో నలుగురు, తీసికొనని వారిలో పదునలుగురు మరణించిరి. ఊపిరితిత్తుల ఛాయాచిత్రములను పరిశీలించిన వైద్యులకు ఏ చిత్రము ఏ పక్షమువారిదో తెలియనీయలేదు. ఈ చివరి జాగ్రత్తను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కావలసిన దానిని చూచుట కంటికి సహజము.

క్షయ యనగానే మదనపల్లె ఆసుపత్రిని తలచుకొను కాలమొకటి మన తెలుగుదేశమున నుండెను. నెలలకొలది మంచి గాలి, మంచి ఆహారము, మంచముమీద విశ్రాంతి. బీదరైతు ఇల్లువిడిచి అట్లు పరుండుట ఎట్లు? పరుండకున్న బ్రదుకుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చెన్నపట్టణమున దొరకినది. అచ్చట 1956లో స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనాకేంద్రమువారు రమారమి రెండువందలమంది బీదరోగులను చీట్ల పద్ధతినే రెండుగా చేసి, ఒక పక్షమును ఆసుపత్రిలోను, మరియొక పక్షమును వారి వారి ఇరుకు ఇండ్లలోను ఉంచి, ఇరువురికిని ఒకే మందులిచ్చిరి. ఆసుపత్రివారు మంచి తిండి తినిరి, విశ్రాంతి పొందిరి. ఇండ్లలోనివారు దొరకినది తినుచు కూలి నాలి చేసికొనిరి. 1959లో ప్రకటింపబడిన ఫలితమేమనగా, సంవత్సరము గడచునప్పటికి రెండు పక్షముల వారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటనుండుటవలన కుటుంబములోని వారికి వ్యాధి హెచ్చుగా అంటినట్లును కానరాలేదు. క్రమము తప్పక మందు మ్రింగుటయే ముఖ్యమని తేలినది. ఈ ఒక్క పోలిక లోకమందలి అనేక దేశములలో క్షయరోగులను మంచమునుండి విడిపించినది. మన గ్రామములలో ఆరోగ్యకార్యకర్తలు ఇంటివద్దనే మందులిచ్చుటకు మూలము ఇది.

విడిచిన మడి లేక పోవుటచే ఎంతటి పండితులును మోసపోవుదురనుటకు ఒక నిదర్శనము చెప్పి ముందునకు సాగెదము. క్యారెట్టు, ఆకుకూరలు సమృద్ధిగా తినువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా వచ్చుచున్నట్లు అనేకులు గమనించిరి. వానిలోని బీటాకెరోటీను అను పదార్థమే కారణమై యుండునని, దానిని మాత్రలుగా చేసిరి. ఫిన్లండు దేశమున 29,133 మంది పొగత్రాగు పురుషులపై చీట్లు వేసి పరీక్షింపగా, 1994లో ప్రకటింపబడిన ఫలితము తలక్రిందులైనది. మాత్రలు మ్రింగినవారిలో ఆ క్యాన్సరు నూటికి పదునెనిమిది వంతులు హెచ్చుగా కనబడినది. కూరలు తినువాడు పొగ తక్కువ త్రాగును, దేహమును కనిపెట్టుకొనును. అందరును కూరల మేలనుకొన్నదానిలో ఆ నడవడి మేలెంత యున్నదో ఎవరును పూర్తిగా విడదీయలేకపోయిరి. బోరున్న రైతు పంటను మందు గొప్పయని చెప్పుట ఇట్టిదే.

ఇక బడుల సంగతి. పరిశోధన యనగా ప్రయోగశాలలో గాజుబుడ్ల నడుమ జరుగునదని మనవారనుకొందురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2005 మొదలుకొని కొన్ని సంవత్సరములు మన పల్లెబడులే ప్రయోగక్షేత్రములైనవి. అయిదు జిల్లాలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలనుండి చీట్లు వేసి, కొన్ని బడులలో పిల్లల చదువు ఎంత మెరుగుపడిన ఉపాధ్యాయునకు అంత బహుమానమనిరి. కొన్నిటికి పుస్తకములు, పలకలు, అభ్యాసపత్రములు కొనుటకు సొమ్మిచ్చిరి. కొన్నిటిని యథాప్రకారముగ విడిచిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన దానినిబట్టి, బహుమానమున్న బడులలో రెండు సంవత్సరములకు గణితమునందును భాషయందును పిల్లలు విడిచిన బడుల పిల్లలకంటె స్పష్టముగా ముందుండిరి. గణితమున మేలు మరింత హెచ్చు.

పుస్తకముల సొమ్ము కథ మరియు విచిత్రము. మొదటి సంవత్సరము ఆ సొమ్ము అనుకొనకుండ వచ్చినది. పిల్లల మార్కులు పెరిగినవి. రెండవ సంవత్సరమును వచ్చినది, మార్కులు పెరుగలేదు. ఏల? ఇండ్లలో లెక్కలు చూడగా సంగతి తేలినది. బడివారే పుస్తకములిత్తురని తెలిసిన తలిదండ్రులు, తాము పిల్లలపై పెట్టెడు ఖర్చును ఆ మేరకు తగ్గించుకొనిరి. ఒక చేత వచ్చినది మరియొక చేత పోయినది. ఆ తలిదండ్రులను మేము నిందింపము. మిగిలిన రూపాయిని వారు పొలములో పెట్టిరో, మందులకు పెట్టిరో. కాని ఒక సంవత్సరము మాత్రమే చూచి ఈ పథకము గొప్పదని వ్రాసియుండినచో ఎంత పొరబాటై యుండెడిదో చూడుడు. మన పొలములలో ఒక్క కారు చూచి తీర్పు చెప్పువారికి ఈ సంగతి మిక్కిలి అవసరము.

అప్పుల విషయము మన సంఘములకు మరింత సన్నిహితము. చిన్న అప్పులిచ్చి బీదరికమును రూపుమాపవచ్చునని ఒకప్పుడు గొప్ప ప్రచారము జరిగినది. అప్పుతో గేదెను కొని బాగుపడిన స్త్రీ చిత్రము ప్రతి పత్రికలోను కనబడెడిది. ఆమెయు నిజమే, గేదెయు నిజమే. విడిచిన మడి ఎక్కడ? హైదరాబాదు నగరమున 2005వ సంవత్సర ప్రాంతమున అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు, ఒక చిన్నయప్పుల సంస్థ ప్రవేశింపదలచిన 104 బీదవాడలను తీసికొని, చీట్లపై 52 వాడలలో అప్పులు ముందుగా ఇప్పించి, తక్కిన 52 వాడలను ఆగుమనిరి. ఏడాదిన్నర లోపల వేలకొలది ఇండ్లకు పోయి విచారించిరి. 2015లో పూర్తిగా ప్రకటింపబడిన ఆ ఫలితములలో ఇటు పొగడువారికిని అటు తిట్టువారికిని సంతృప్తి లేదు. అప్పులు దొరకిన వాడలలో కుటుంబములు కుట్టుమిషనులు మొదలగు పనికివచ్చు వస్తువులను కొనుట హెచ్చినది. వ్యాపారములలో పెట్టుబడి కొంత హెచ్చినది. తాంబూలము, పొగాకు, టీ వంటి వానిపై ఖర్చు కొంత తగ్గినది. అంతకుముందే లాభములో నున్న దుకాణములకు లాభము పెరిగినది. కాని ఇంటి మొత్తపు ఖర్చు, పిల్లల చదువు, స్త్రీల మాటకు ఇంటిలో గల విలువ, ఇవి విడిచిన వాడలకంటె మెరుగైనట్లు కానరాలేదు. చీకటిలో నున్నవారిని అప్పు ఒక్కటియే వెలుగులోనికి తేలేదు. ముంచివేసినదనుటకును ఆ వాడలలో ఆధారము లేదు.

చీట్లు వేయుటకు వీలులేని సందర్భములును గలవు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేయగా, ఆ చిన్నయప్పుల సంస్థలకు ఇచ్చట వసూళ్లు నిలిచిపోయినవి. ఇచ్చట నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రములలో కూడ అప్పులు తగ్గించినవి. అట్టి సంస్థలు ఎక్కువగా నున్న దూరపు జిల్లాలను, అవి లేని జిల్లాలతో పోల్చి ఇరువురు పరిశోధకులు 2021లో ఒక వ్యాసము ప్రకటించిరి. అప్పులు తగ్గిన జిల్లాలలో దినకూలి రేట్లు కూడ తగ్గినవని తేలినది. అనగా అప్పు తీసికొననివానికిని అప్పుతో సంబంధము కలదు. తీసికొన్నవాని ఇంటిని మాత్రమే చూచిన అది కానరాదు. ఆ దూరపు జిల్లాల వారు మన రాష్ట్రపు చట్టమును కోరినవారు కారు, అందుకు కారణమైనవారును కారు. అందుచేతనే ఆ పోలిక చీటివంటి దైనది.

విడిచిన మడి యున్నంతమాత్రమున నంతయు సరియని కూడ అనుకొనరాదు. దానిని ఎట్లు పెంచిరో అడుగవలెను. శ్రీ పద్ధతి వరిసాగును మన సభ్యులెరుగుదురు. మడగాస్కరు ద్వీపమున లొలానియే అను ఫాదరీ రూపొందించిన ఆ పద్ధతిని 2003 ఖరీఫులో ఆంధ్రప్రదేశమున విరివిగా పరీక్షించిరి. ఎకరమునకు రెండు కిలోల విత్తనము చాలుట, నీరు తక్కువ పట్టుట రైతులు కన్నులార చూచినవే. దిగుబడి విషయమున మాత్రము పండితులు కలహించిరి. శ్రీ మడిని అనుకూలముగా చూపిన పోలికలలో రెండవ మడిని అశ్రద్ధగా పెంచినారని కొందరి ఆక్షేపణ. 2006లో ముగ్గురు పరిశోధకులు అనేక దేశముల తూకములను చేర్చి చూచి, మంచి యాజమాన్యముతో పెంచిన మామూలు వరితో పోల్చినచో మడగాస్కరు వెలుపల శ్రీ పద్ధతికి దిగుబడిలో ఆధిక్యము లేదని వ్రాసిరి. ఆ మడులలో శ్రీ పద్ధతిని సరిగా పాటింపలేదని అవతలివారు బదులు చెప్పిరి. ఈ కలహమున ఎవరిది పైచేయి యని మేము చెప్పము. విత్తనముపై మిగులు, నాటుకూలి దొరకుట, నీటి వసతి, కలుపు బాధ, ఇవి గ్రామమునకొక విధముగా నుండును. కలుపుతీయు యంత్రము త్రోయువాడు లేనిచోట ఏ తూకము చూచియు ప్రయోజనము లేదు. ఇంకొక మాట. ఒకచోట తేలినది వేరొకచోట తేలవలెనను నియమమును లేదు. మనస్తత్త్వశాస్త్రమున ప్రకటింపబడిన నూరు ప్రయోగములను మరల చేసి చూడగా, మూడవవంతునకు కొంచెమెక్కువ మాత్రమే మరల నిలిచినవని 2015లో తేలినది.

కావున పరాయిచోటి ఫలితము మన నేలలో నిలుచునా యనునది మనమే చూచుకొనవలెను. ఇందుకు విద్వాంసులక్కరలేదు. ఒక తరాజు, ఒక రూపాయి నాణెము, ఒక నోటుపుస్తకము చాలును.

ఒకే తీరుగనున్న చెక్కలో ఐదేసి సెంట్ల మడులు, తెలంగాణపు లెక్కలో రెండేసి గుంటలు, ప్రక్కప్రక్కన రెండు ఏర్పరుపవలెను. ఇది ఒక జత. బొమ్మ పడిన కుడిమడికి మందు, బొరుసు పడిన ఎడమమడికి మందు అని ముందుగానే పలికి నాణెము నెగురవేయవలెను. పడిన తరువాత మనస్సు మార్చుకొనరాదు, మార్చుకొన్నచో నాణెమెందుకు? తక్కిన విత్తనము, నాటిన దినము, ఎరువు, కలుపు రెండిటికి నొక్కటే. మందు కొన్నవాడు సహజముగా మందుమడిని ముద్దుగా చూచుకొనును, కలుపు ఒక దినము ముందు తీయించును. అదియే మొత్తము చెడుపు. ఎరువు నీటితో పారిపోవకుండ నడుమ గట్టి గట్టు వేయవలెను. చల్లుమందైనచో గాలిలేని ప్రొద్దున చల్లవలెను. కోయునప్పుడు నాలుగు ప్రక్కల గట్టువారగా రెండు మూడు సాళ్లు విడిచి, రెండుమడులలోను లోపలిభాగమును ఒకే కొలతతో కోసి, ఒకేమారు ఎండబెట్టి తూచవలెను. ఎండినదానిని పచ్చిదానితో తూచిన తూకము తూకముకాదు. తూచువానికి ఏ కుప్ప మందుమడిదో చెప్పకుండుట మేలు. బీమా నిమిత్తము పంటకోత ప్రయోగములకు వచ్చువారు కూడ మడిని తమకు నచ్చినచోట కోయరు. యదృచ్ఛగా తీసిన అంకెలను బట్టి కోయుదురు. కారణమిదియే.

ఒక జతలో మందుమడి గెలిచినంతమాత్రమున నేమియు తేలదు. పనిచేయని మందునకు కూడ రెండింట ఒక పాలు గెలుపు కలదు. నాలుగు జతలలో నాలుగును గెలుచుట వట్టి అదృష్టముచే పదునారు మారులకు ఒకమారు సంభవించును. పది జతలలో పదియు వట్టి అదృష్టముచే గెలుచుట వేయిన్ని యిరువదినాలుగు మారులకు ఒకమారు; తొమ్మిదియో పదియో గెలుచుట రమారమి తొంబదిమూడు మారులకు ఒకమారు; ఎనిమిదియో అంతకు మించియో గెలుచుట పదునెనిమిది మారులకు ఒకమారు. కావున పదింట ఎనిమిది గెలిచినచో మరియొక కారు చూడవలెను. పదింట ఆరు గెలిచినచో సొమ్ము సంచిలోనే యుంచవలెను. ఒంటరి రైతు పది జతలు వేయలేడు. సంఘములో పదిమంది సభ్యులు ఒక్కొక్క జత వేయుట కష్టము కాదు. పదిమంది నేలలు వేర్వేరుగా నుండుట వలన ఫలితము గ్రామమంతటికి చెల్లును. ఇట్టి పని సంఘమునకు చేతనగును గాని ఎంత పెద్ద భూస్వామికిని చేతకాదు.

గెలుపునకును లాభమునకును భేదము కలదు. ఐదుసెంట్ల మడిలో మూడు కిలోలు హెచ్చుగా పండిన దనుకొందము. ఎకరమునకు అరువది కిలోలు. ఆ అరువది కిలోల ధాన్యపు ధర ఎంత, ఎకరమునకు మందుఖరీదు, చల్లుకూలి, అప్పుమీది వడ్డి కలిపి ఎంత? మందు నిజముగనే పనిచేసియు రైతు నష్టపడు సందర్భములు తక్కువ కావు. దుకాణపు కాగితములో బస్తాలుండును గాని ఈ తీసివేత యుండదు.

జతల తూకములను సంఘపు పుస్తకములో సభ్యుని పేరు, చెక్క గుర్తు, విత్తనము, నాటిన దినము, చల్లిన దినము, రెండు తూకములు అను వరుసను వ్రాయించి, ఓడిన జతలను కూడ గెలిచిన వానితోపాటు తప్పక వ్రాయింపవలెను. ఓడినవానిని ఎవరును చెప్పుకొనరు గావున లోకమున గెలిచినవే వినబడును. మరుసటి కారున నాణెమును మరల ఎగురవేయవలెను. పోయినకారు మందు వేసిన మడికే మరల వేయరాదు. మొదటి ఎరువు మిగులు నేలలో నిలిచియుండి లెక్కను తప్పించును. వీలైనచో జతను మరియొక చెక్కలోనికి మార్చుట మంచిది. చీట్లు తీయు దినమున మందమ్మినవానిని కూడ పిలిచి చూడనిచ్చినచో, కోతదినమున తగవుండదు.